బస్సు ఉచితం, బస్టాపు దాకా రానుపోను 40 రూపాయలు: కాలనీకి ఈ-ఆటో కొనాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివారులో డబుల్ బెడ్‌రూం కాలనీ. గేటు నుంచి మెయిన్ రోడ్డు బస్టాపు 3.2 కిలోమీటర్లు. షేర్ ఆటోకు మనిషికి 20, అదీ ఏడుగురు నిండితేనే కదులుతుంది. మా ఆయన కిరాయి ఆటో నడుపుతారు. ఓనరుకు రోజుకు 400, ఎల్పీజీకి మరో 300 దాకా పోతోంది. సొంతంగా కరెంటు ఆటో కొని ఉదయం, సాయంత్రం బస్టాపుకు తిప్పాలని ఆలోచన. షోరూముల్లో 1.75 లక్షలకు నలుగురు కూర్చునే ఈ-రిక్షా, 3.8 లక్షలకు ముగ్గురు కూర్చునే లిథియం ఆటో చూపించారు. మేము మూడో అంతస్తులో ఉంటాం, చార్జింగ్ ఎక్కడ పెట్టాలో తెలియదు. ఇంటికి జీరో కరెంటు బిల్లు వస్తోంది. ఏ బండి తీసుకోవాలి? మా మహిళా సంఘం పది మంది పేరు మీద కొనొచ్చా? అసలు గిట్టుబాటు అవుతుందా?
ఒక పాఠకురాలు

జవాబు: గిట్టుబాటు అవుతుంది. కాకపోతే బస్టాపు ట్రిప్పుల ఒక్కదాని మీదే కాదు. లెక్క చూస్తే మీకే తెలుస్తుంది, అందుకే ముందు అదే వేద్దాం.

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. కానీ ఆ ఉచిత బస్సు ఎక్కడానికి మీ కాలనీలో ఒక్కొక్కరు రోజుకు 40 పెడుతున్నారు. నెలకు 26 రోజులు పనికి పోతే 1,040 రూపాయలు. కాబట్టి మీ ఆటో బస్సుతో పోటీ పడకూడదు, బస్సుకు మనుషుల్ని అందించాలి. మెయిన్ రోడ్డు మీద బస్సు నడిచే దారిలోనే నడిపితే ఆడవాళ్లు ఎక్కరు, ఎక్కేది మగవాళ్లు మాత్రమే. బస్సు రాని ఆ 3.2 కిలోమీటర్లే మీ వ్యాపారం.

మనిషికి 15 పెట్టారనుకోండి. ఉదయం 6 నుంచి 9 వరకు, ఎక్కించి దించే సమయంతో కలిపి 25 నిమిషాలకో రానుపోను, అంటే ఏడు. సాయంత్రం 5.30 నుంచి 8.30 వరకు మరో ఏడు. రద్దీ వైపు ముగ్గురూ నిండుతారు, ఖాళీ వైపు సగటున ఒక్కరు దొరకడమే ఎక్కువ. అంటే రానుపోనుకు 60 రూపాయలు, పద్నాలుగింటికి 840. నడిచింది దాదాపు 90 కిలోమీటర్లు.

ఇప్పుడు ఖర్చు. ఆన్‌రోడ్ 3.8 లక్షల్లో 3 లక్షలు బ్యాంకు లోను, 11 శాతం వడ్డీ, 48 నెలలు అనుకుంటే ఈఎంఐ 7,754. 26 రోజులకు పంచితే రోజుకు 300. చేతి నుంచి కట్టాల్సిన 80 వేలు సంఘం నుంచి 12 శాతానికి రెండేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 3,770, రోజుకు 145. కరెంటు 50, ఇన్సూరెన్సుకు 30, టైర్లు, బ్రేకులు, సర్వీసుకు 30, బ్యాటరీ కోసం పక్కన పెట్టేది 60. మొత్తం 615. మిగిలేది 225. ఆరు గంటల స్టీరింగుకు అది కూలి కూడా కాదు.

అందుకే మధ్యాహ్నం కూడా బండి నడవాలి. 10.30 నుంచి 4 మధ్య రెండు గంటలు చార్జింగుకు పోయినా, ఆసుపత్రికి, మార్కెట్టుకు, మీ ఆయనకు ఇప్పటికే ఉన్న తెలిసిన కిరాయిలకు 30 కిలోమీటర్లు తిప్పి 400 తేగలిగితే, అదనపు కరెంటు 15 పోను మిగులు 610కి చేరుతుంది. రెండేళ్లకు సంఘం అప్పు తీరాక మరో 145 కలుస్తుంది. ఇప్పుడు కిరాయికి, ఎల్పీజీకి కలిపి పోతున్న 700 పక్కన ఈ ఖర్చులన్నీ పెట్టి చూసుకోండి. తేడా మొదటి రెండేళ్లు పెద్దగా కనిపించదు. కానీ ఇప్పుడు ఇచ్చే 400 ఓనరుకు పోతోంది, ఈఎంఐ కట్టేది మీ బండికి. మీ ఆయన ఈ అంకెలు మీ రోడ్డుకు, మీ మనుషులకు తగ్గట్టు దిద్దాలి. ఖాళీ వైపు ఒక్కరు కూడా దొరకరంటే రోజుకు 210 పోతుంది, ఆ గీత దగ్గరే ఈ వ్యాపారం తేలేదీ మునిగేదీ.

ఇక ఏ బండి అన్నది. చవకది వద్దు. 1.75 లక్షల ఈ-రిక్షాలో నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీలుంటాయి, 12 వోల్టులు, 120 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) చొప్పున. కాగితం మీద అది 5.76 కిలోవాట్ అవర్, అంటే 5.76 యూనిట్ల కరెంటు. అయితే లెడ్ యాసిడ్‌ను సగం కంటే కిందికి రోజూ దించితే ప్లేట్లు త్వరగా పోతాయి. కొత్తలో 60, 70 కిలోమీటర్లు ఇచ్చిన సెట్టు ఆరేడు నెలలకే 40కి పడిపోతుంది, ఏడాది తిరిగేసరికి మార్చాల్సి వస్తుంది. సెట్టు 40 నుంచి 48 వేలు, పాతది ఇస్తే కొంత తగ్గుతుంది. నాలుగేళ్లలో మూడుసార్లు మార్చారంటే బండి ధరకు ఇంకో లక్ష పైన కలిసినట్టే. చార్జింగుకు ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం రెండు గంటలు పెట్టినా పెద్దగా ఎక్కదు. పైగా వారం వారం డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలి, మరిచిపోతే సెట్టు ఇంకా ముందే పోతుంది.

రెండో సంగతి చట్టం. ఈ-రిక్షా అంటే మోటారు 2,000 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు, డ్రైవరు కాక నలుగురు, 40 కిలోల సామాను. లారీలు, కార్లు 60లో పోయే రోడ్డు మీద 25లో వెళ్లే బండికి వెనక నుంచే ప్రమాదం. శివారు కాలనీలు చాలావరకు గుట్టల మీదో గుట్టల పక్కనో ఉంటాయి. నలుగురితో ఎత్తు ఎక్కేటప్పుడు 2 కిలోవాట్ల మోటారు వేడెక్కి, కంట్రోలరు కరెంటు తగ్గించేస్తుంది. సగం ఎత్తులో ఇద్దరు దిగి నడవాలి. ఇంకొకటి, ఈ-రిక్షాకు లైసెన్సు వేరు. పది రోజుల శిక్షణ సర్టిఫికెట్టుతో ఇస్తారు, మూడేళ్లకే అయిపోతుంది. మీ ఆయనకు ఉన్న ఆటో లైసెన్సు ముగ్గురు కూర్చునే ఈ-ఆటోకు సరిపోతుంది.

కాబట్టి లిథియం ఆటోనే. ఆర్సీలో, ఇన్వాయిసులో ఎల్5 (గంటకు 25 దాటి పోగల మూడు చక్రాల బండ్ల తరగతి) అని ఉండాలి. మీ పనికి 7.4 కిలోవాట్ అవర్ బ్యాటరీ బొటాబొటీగా సరిపోతుంది, 9 దగ్గర ఉన్నది నిశ్చింత. ముగ్గురితో, ఆగుతూ కదులుతూ నడిచే బండి కిలోమీటరుకు 80 వాట్ అవర్ల దాకా తింటుంది. ఆ లెక్కన 7.4 ఉన్నది పూర్తిగా అయిపోయేదాకా 92 కిలోమీటర్లు, 20 శాతం మిగిలేలా నడిపితే 74. అంటే మధ్యాహ్నం చార్జింగ్ తప్పనిసరి. 9 ఉన్నది 20 శాతం మిగిల్చి 90 ఇస్తుంది, ఒక మధ్యాహ్నం కరెంటు పోయినా, ఆ పూట కిరాయిలు మానుకుంటే సాయంత్రం ట్రిప్పులు ఆగవు. షోరూములో చెప్పే 130, 179 లాంటి అంకెలు ల్యాబులో రోలర్ల మీద వచ్చినవి. వాటిలో మూడింట రెండు వంతులే మీవి అనుకోండి.

డబ్బు కట్టే ముందు టెస్ట్ డ్రైవు షోరూము ముందు కాదు, మీ రోడ్డు మీద అడగండి. ముగ్గురిని, ఒక బియ్యం మూటను ఎక్కించి, గేటు దగ్గర ఎత్తు సగంలో ఆపి మళ్లీ కదిలించండి. బండి వెనక్కి జారుతోందా, ఎంత జారుతోంది చూడండి. ఫుల్ చార్జింగులో కిలోమీటరు రీడింగు రాసుకుని, 20 శాతానికి వచ్చేదాకా మీ దారిలోనే తిప్పి మళ్లీ రాసుకోండి. ఒక పూట ఇవ్వడానికి డీలరు ఒప్పుకోకపోతే, అదే మోడలు ఏడాదిగా నడుపుతున్న డ్రైవరును అడ్డాలో వెతికి రెండు ప్రశ్నలు అడగండి: ఇప్పుడు ఎంత వస్తోంది, సర్వీసుకు బండి ఇస్తే ఎన్నాళ్లకు తిరిగొచ్చింది. రెండో జవాబే ఎక్కువ చెబుతుంది. స్పేర్ పార్టు కోసం పది రోజులు షెడ్డులో కూర్చున్నా ఈఎంఐ ఆగదు.

వారంటీ కాగితంలో మూడు చోట్ల చూడాలి. బ్యాటరీ వారంటీ విడిగా రాశారా. ఎంత శాతానికి పడిపోతే మారుస్తారు, 70 అని రాశారా 80 అనా, అసలు రాయలేదా. కిలోమీటర్ల పరిమితి ఎంత. మీరు రోజుకు 120 నడిపితే ఏడాదికి 37 వేలు దాటుతుంది. ‘మూడేళ్లు లేదా 80,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది’ అంటే మీకు రెండేళ్లు దాటగానే అయిపోతుంది. ‘ఐదేళ్లు లేదా 1,20,000’ అయినా మూడేళ్ల రెండు నెలలకు అంతే. లోను నాలుగేళ్లు. చివరి కొన్ని నెలలు వారంటీ లేని బండికి ఈఎంఐ కడుతుంటారు, రోజుకు 60 పక్కన పెట్టమన్నది అందుకే. నాలుగేళ్లకు 75 వేలవుతుంది. అది సంఘం ఖాతాలో ఉండాలి, ఇంట్లో డబ్బాలో ఉంటే పండక్కు ఖర్చయిపోతుంది.

లోను దగ్గర మోసపోయేది వడ్డీ శాతంలో కాదు, ‘ఫ్లాట్’ అనే మాటలో. 3 లక్షలకు 12 శాతం ఫ్లాట్, నాలుగేళ్లు అంటే వడ్డీ 1,44,000, ఈఎంఐ 9,250. బ్యాంకు లెక్కలో, అంటే అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గే పద్ధతిలో అది దాదాపు 21 శాతం. అదే 11 శాతం బ్యాంకు లోనుతో పోలిస్తే నెలకు 1,500 ఎక్కువ. షోరూములో కూర్చున్న ఫైనాన్సు కుర్రాడు అరగంటలో లోను ఇప్పిస్తానంటాడు, ఆ అరగంట ఖరీదు 70 వేలు దాటుతుంది. ముందు మీ సంఘం ఖాతా ఉన్న బ్యాంకులో ముద్ర కిశోర్ కింద అడగండి. 50 వేల పైన 5 లక్షల దాకా, తాకట్టు లేకుండా ఇచ్చేది అది. కొటేషన్, లైసెన్సు, ఆధార్, పాన్, ఆరు నెలల ఖాతా స్టేట్‌మెంటు, సంఘం రీపేమెంట్ రికార్డు పట్టుకెళ్లండి. పట్టణ మహిళా సంఘాలను చూసే మెప్మా రిసోర్స్ పర్సన్‌ను వెంట తీసుకెళ్తే మేనేజరు మాట వినే తీరు మారుతుంది. సంఘం ద్వారా స్త్రీనిధి అప్పు దొరికితే ఆ 80 వేలకు వాడుకోండి.

కొటేషనులో రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు అని ఏదైనా ఉంటే ఆగండి. తెలంగాణలో 2024 నవంబర్ నుంచి కరెంటు బండ్లకు ఆ రెండూ పూర్తిగా మినహాయించారు, గడువు 2026 డిసెంబర్ 31. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ సబ్సిడీ మొదటి ఏడాది కిలోవాట్ అవర్‌కు 5,000, తర్వాత 2,500గా ఉండేది. ఎల్5 ఆటోలకు అది ఇప్పుడు ముగిసిపోయింది. ‘సబ్సిడీ వస్తుంది, తర్వాత ఖాతాలో పడుతుంది’ అన్న మాట నమ్మి ధర ఒప్పుకోవద్దు. ఆ సబ్సిడీ ఎప్పుడైనా ఇన్వాయిసులోనే తగ్గించి చూపించేది.

పర్మిట్ గురించి కూడా తేల్చుకోండి. బ్యాటరీతో నడిచే రవాణా బండ్లకు పర్మిట్ అక్కర్లేదని కేంద్రం 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. కానీ ఔటర్ రింగ్ రోడ్డు లోపల కొత్త ఆటోల సంఖ్యకు రాష్ట్రం పరిమితి పెట్టింది. 2025లో ఆ పరిమితి సడలించి 20,000 కరెంటు ఆటోలకు చోటిచ్చారు. కాబట్టి అడ్వాన్సు కట్టకముందే ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి, మీ ఆధార్‌లో ఉన్న అడ్రసు మీద ఈ-ఆటో రిజిస్ట్రేషన్ అవుతుందా అని అడగండి. ఆధార్ ఇంకా మీరు ఇంతకుముందు ఉన్న ఇంటి అడ్రసులోనే ఉంటే ముందు మార్పించుకోండి, చాలా ఫైళ్లు అక్కడే ఆగుతాయి. ‘పర్మిట్ ఖర్చు’ అంటూ రసీదు లేని డబ్బు అడిగే డీలరు దగ్గర కొనకండి. నంబరు ప్లేటు ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలతో రావాలి. తెల్ల అక్షరాలు వచ్చాయంటే సొంత వాడకం కింద రిజిస్టరు చేశారన్నమాట, అలాంటి బండిలో ప్రయాణికులను ఎక్కించుకుంటే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు చేతులెత్తేస్తుంది.

ఇప్పుడు చార్జింగ్. మీ ఉత్తరంలో మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది ఇదే, ఎందుకంటే జీరో బిల్లు ఉంది కదా అని ఇంటి మీటరు నుంచే పెట్టేస్తారు. జీరో బిల్లు ఇచ్చే గృహజ్యోతి పథకం 200 యూనిట్ల వరకే. రోజుకు 120 కిలోమీటర్లు నడిపితే, చార్జరులో పోయే నష్టంతో కలిపి దాదాపు 11 యూనిట్లు, నెలకు 284. ఇంటి వాడకం 90 అనుకుంటే మొత్తం 374. 200 దాటగానే ఆ నెల బిల్లు మొదటి యూనిట్ నుంచీ పడుతుంది: 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020, తర్వాతి వందకు 7.70 చొప్పున 770, మిగతా 74కు 9 చొప్పున 666. మొత్తం 2,456, ఇతర చార్జీలు వేరే. అదే చార్జింగుకు విడిగా ఎల్టీ-9 కేటగిరీలో కనెక్షన్ తీసుకుంటే యూనిట్ 6 రూపాయలు, 284కు 1,704. ఇంటి జీరో బిల్లు ఇంటిదే. కిలోమీటరుకు కరెంటు ఖర్చు 55 పైసలు తేలుతుంది.

కనెక్షన్ కోసం మీ సెక్షన్ ఏఈ ఆఫీసులో 3 కిలోవాట్ల లోడుకు దరఖాస్తు పెట్టండి. ఇంటి కేటాయింపు పత్రం, ఆధార్, బ్లాక్ కమిటీ నిరభ్యంతర పత్రం కావాలి. కమిటీ సంతకం కష్టమనిపిస్తే, మీటరు మీ పేరు మీద ఉంటుందని, బిల్లు మీరే కడతారని, లిఫ్టు, బోరు లైనుకు సంబంధం ఉండదని రాసి ఇవ్వండి. వాళ్ల భయం ఆ కామన్ బిల్లు గురించే. కాలనీలో ఇంకో ఇద్దరు ఈ-ఆటో కొనే ఆలోచనలో ఉంటే ముగ్గురూ కలిసి ఒకే షెడ్డు, ఒకే త్రీ ఫేజు కనెక్షన్, తలా ఒక సబ్ మీటరు పెట్టుకోవడం చవక.

మూడో అంతస్తు నుంచి వైరు వేలాడదీయడం మాత్రం వద్దే వద్దు. చార్జరు నాలుగైదు గంటలు ఆగకుండా 10 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఫ్రిజ్, మిక్సీ కోసం కొన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు మొదటి వారం బాగానే ఉంటుంది, రెండో నెల ప్లగ్గు పిన్నుల దగ్గర నల్లబడి కరుగుతుంది. కింద మీటరు బోర్డు నుంచి షెడ్డు దాకా 4 ఎంఎం రాగి వైరు, పీవీసీ పైపులో. చివర 16 ఆంప్స్ మెటల్ బాక్సు సాకెట్టు, దానికి 16 ఆంప్స్ ఎంసీబీ, 30 మిల్లీ ఆంప్స్ ఆర్సీసీబీ. ఎలక్ట్రీషియన్ ‘ఎంసీబీ ఉందిగా, ఆర్సీసీబీ ఎందుకు’ అంటాడు. ఎంసీబీ కాపాడేది వైరును. వానలో తడి చేత్తో ప్లగ్గు పట్టుకున్న మనిషిని కాపాడేది ఆర్సీసీబీ. విడిగా ఎర్తింగ్ గుంత తీయించి, ఎర్త్ టెస్టరుతో కొలిపించి 5 ఓమ్‌ల లోపు ఉందో లేదో చూడండి. గుట్ట నేలలో రాడ్డు దిగదు, అలాంటి చోట బొగ్గు, ఉప్పు వేసిన ప్లేటు ఎర్తింగ్ చేయించి ఎండాకాలం నీళ్లు పోస్తుండాలి. సాకెట్టు నేల నుంచి మూడడుగుల పైన ఉండాలి. షెడ్డుకు పైన రేకు, పక్కలు తెరిచి. మెట్ల కింద, గ్యాసు సిలిండర్ల పక్కన చార్జింగ్ పెట్టొద్దు. మంట వస్తే జనం దిగి పారిపోవాల్సిన దారి అదే.

వాడకంలో తెలియాల్సినవి కొన్నే. ఎండలో తిరిగొచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకుండా అరగంట నీడలో ఆపండి. రోజూ సగం సగం చార్జింగ్ చేసినా వారానికోసారి పూర్తిగా నూరు దాకా పెట్టి, ఆ తర్వాత ఇంకో గంట వదిలేయండి. ఈ ఆటోల్లో ఎక్కువగా వచ్చే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీలో వోల్టేజి చివరిదాకా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి లోపల చార్జింగ్ లెక్క చూసే సర్క్యూటు బీఎంఎస్‌కు ఎంత మిగిలిందో సరిగా తెలియాలంటే అప్పుడప్పుడూ ఫుల్ అవ్వాలి. ‘35 శాతం చూపిస్తూనే ఆగిపోయింది’ అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. రేంజి ఉన్నట్టుండి తగ్గితే బ్యాటరీని అనుమానించే ముందు టైర్లలో గాలి చూడండి, తర్వాత జాకీ వేసి వెనక చక్రాలు చేత్తో తిప్పండి. బ్రేకు షూ బిగుసుకుని రాసుకుంటుంటే ఐదు, పది కిలోమీటర్లు అక్కడే పోతాయి. వానాకాలం నీళ్లు చక్రం మధ్య హబ్బు దాకా ఉంటే దిగొద్దు, వారంటీ కాగితంలో నీళ్లు లోపలికి పోతే ఏమంటారో ముందే చదవండి.

సంఘం పది మంది పేరు మీద కొనడం గురించి సూటిగా చెప్తాం: వద్దు. ఆర్సీ ఒక్కరి పేరు మీదే ఉండనివ్వండి, మీదైనా, మీ ఆయనదైనా. పది మంది ఓనర్లున్న బండికి గాలి పట్టించేవాడు ఉండడు. సంఘం అప్పు ఇచ్చేదిగా, ప్రయాణం చేసేదిగా ఉంటే చాలు. అప్పు తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు పెట్టండి. మిగతా తొమ్మిది మంది సభ్యుల్లో ఎవరైనా నడపడం నేర్చుకుని రెండో బండి కొంటానంటే, ఆడవాళ్లకు బండ్లు నేర్పే మోవో అనే సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. ఆడ డ్రైవరు ఉంటే తెల్లవారుజామున 5 గంటలకు ఇళ్లలో పనికి వెళ్లేవాళ్లు ధైర్యంగా ఎక్కుతారు, ఆ వేళకు షేర్ ఆటోలు ఎటూ ఉండవు.

సభ్యుల నుంచి తీసుకోవాల్సింది వాటా కాదు, పాసు. 15 చొప్పున 52 ట్రిప్పులకు 780 అవుతుంది, నెల మొదట్లోనే ఇస్తే 650 అనండి. 18 మంది చేరితే ఒకటో తారీఖున 11,700 చేతికొస్తుంది, ఈఎంఐ పోను ఇంకా మిగులుతుంది. దీనివల్ల రోజు వసూలు 90 తగ్గి పైన చెప్పిన 610 కాస్తా 520 అవుతుంది. అయినా తగ్గించండి. పాసు డబ్బు ముందే వచ్చింది కాబట్టి బండి నిండేదాకా ఆగక్కర్లేదు, 6 గంటల 25 నిమిషాలంటే ఇద్దరున్నా కదలొచ్చు. మీ కాలనీవాళ్లు షేర్ ఆటోను తిట్టుకునేది 20 రూపాయలకంటే ఆ ఎదురుచూపుకే. బస్సు తప్పితే ఇరవై నిమిషాలు, పనిలో చీవాట్లు. ఉదయం ఏడు ట్రిప్పులకు సీట్లు 21 మాత్రమే, కాబట్టి 18 దాటి పాసులు అమ్మొద్దు. ఎవరు ఏ టైముకు అన్నది ముందే పంచి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. నాలుగో మనిషిని ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇరికించడం మొదలైందా, చలానా సంగతి తర్వాత, బండి రేంజి, వెనక స్ప్రింగులు, పాసు తీసుకున్నవాళ్ల నమ్మకం మూడూ పోతాయి.

షేర్ ఆటోల అడ్డాతో పేచీ వస్తుంది, వచ్చాక మాట్లాడటం కంటే బండి కొనకముందే మాట్లాడండి. మీ ఆయనా ఆటో మనిషే కాబట్టి దారి దొరుకుతుంది. వాళ్ల స్టాండులో వరస అడగొద్దు. పాసు ఉన్నవాళ్లను మాత్రమే, ఫలానా టైములకు, గేటు లోపల బ్లాకుల దగ్గరే ఎక్కించుకుంటామని చెప్పండి. ఖాళీ వైపు వచ్చేటప్పుడు బస్టాపులో వాళ్ల వరసను దాటి మనుషుల్ని పిలవకండి, గొడవలన్నీ ఆ ఒక్క సీటు దగ్గరే మొదలవుతాయి.

ఇంకో పని, బండి కొన్నా కొనకపోయినా చేయాల్సింది. మీ ఆటో పొద్దున్నంతా తిరిగి 21 మందిని దించుతుంది, ఒక సిటీ బస్సు ఒక్క ట్రిప్పులో అరవై మందిని తీసుకెళ్తుంది, ఆడవాళ్లకు పైసా లేకుండా. కాబట్టి బస్సును అడగడం మానొద్దు. ‘మా కాలనీకి బస్సు వేయండి’ అని రాసిస్తే ఫైలు కదలదు. మూడు పనిదినాలు ఉదయం 5.30 నుంచి 9.30 దాకా గేటు దగ్గర కూర్చుని పావుగంటకోసారి రాయండి: బయటికి వెళ్లినవాళ్లు ఎందరు, ఆడ, మగ, బడిపిల్లలు, ఎక్కడికి. డిగ్రీ చదివే పిల్లలకు అప్పగిస్తే చక్కగా చేస్తారు. రోడ్డు వెడల్పు, బస్సు తిరగడానికి ఉన్న ఖాళీ స్థలం, కిందికి వేలాడే తీగలు, ఎత్తైన స్పీడ్ బ్రేకర్లు ఫొటోలు తీయండి. బస్సు వచ్చి కూడా రెండు వారాలకే ఆగిపోవడానికి చాలాచోట్ల కారణం తిరిగే చోట ఎవరో కారు పెట్టడమే.

అడిగేది కొత్త రూటు కాకూడదు. మెయిన్ రోడ్డు మీద ఇప్పటికే పోతున్న సర్వీసులో పొద్దున రెండు, సాయంత్రం రెండు ట్రిప్పులను లోపలికి పొడిగించమనండి, ఏ సర్వీసు నంబరు, ఏ టైము అన్నదీ రాయండి. డిపో మేనేజరుకు అది ట్రిప్పుకు 6.4 కిలోమీటర్లు, ఇరవై నిమిషాలు అదనం, తన స్థాయిలో ఆలోచించగలిగిన పని. దరఖాస్తు డిపోలో ఇచ్చి రసీదు తీసుకుని, అదే దరఖాస్తు, సోమవారాల్లో కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలోనూ ఇవ్వండి. హైదరాబాద్‌కు పీఎం ఈ-డ్రైవ్ కింద 2,000 కరెంటు బస్సులు కేటాయించారు, అవి డిపోలకు చేరి రూట్లు సర్దే రోజుకు మీ లెక్క ఫైల్లో ఉండాలి.

బస్సు నిజంగా లోపలికి వస్తే మీ ఆటోకు ఆ వేళల్లో గిరాకీ పడిపోతుంది, దాన్ని దృష్టిలో పెట్టుకునే లోను తీసుకోండి. ముందే కట్టేస్తే ఫోర్‌క్లోజర్ చార్జీ ఎంతో శాంక్షన్ లెటరులో రాయించుకోండి. అప్పటికి బస్సు లేని వేళలు, లోపలి బ్లాకులు, మధ్యాహ్నం కిరాయిలు మీ చేతిలో ఉంటే బండి నిలబడుతుంది. పాసులు కూడా మూడు నెలలవి అమ్మకుండా నెలనెలా ఇవ్వండి, తిరిగి ఇవ్వాల్సి వస్తే అప్పు మిగలదు.